తేదీ గీసిన గీత: భారతదేశంలో పింఛను నియమాల సవరణ చరిత్ర (1871–2025)

వ్యాససంగ్రహం:
ఉద్యోగ విరమణానంతర జీవనభద్రతకు సంబంధించిన నియమాలు మన దేశంలో అనేక పర్యాయాలు సవరణకు లోనయ్యాయి. 1871 నాటి పింఛన్ల చట్టం మొదలుకొని 2025 నాటి ఆర్థిక చట్టం వరకు జరిగిన ముఖ్యమైన మార్పులను ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది. పింఛను ప్రభుత్వ దయ కాదు, ఉద్యోగి హక్కు అని న్యాయస్థానాలు తేల్చిన తరువాత వివాదమంతా ‘ఏ తేదీ నుంచి’ అనే ప్రశ్న చుట్టూ తిరిగింది. నియమాల్లో ఒక తేదీని చేర్చడం, తొలగించడం, వెనుకటి కాలానికి వర్తింపజేయడం అనే మూడు పద్ధతుల్లో ఈ సవరణలు సాగాయని, ఒకే పని చేసినవారిని అవి భిన్నవర్గాలుగా విభజించాయని ఈ వ్యాసం నిరూపిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లోని పరిణామాలను, పింఛనుకు తెలుగులో వాడుకలో ఉన్న పేర్లను సందర్భానుసారంగా చర్చిస్తుంది.

కీలకపదాలు: పింఛను, సర్వీసు నిబంధనలు, సవరణ, కటాఫ్ తేదీ, నకారా తీర్పు, సీపీఎస్, ఉద్యోగుల పింఛను పథకం, సామాజిక భద్రత.

1. ఉపోద్ఘాతం

‘పింఛను’ తెలుగులోకి ఆంగ్లం నుంచి వచ్చిన మాట. దాని మూలం చెల్లింపు అనే అర్థమున్న లాటిన్ పదం. ఈ మాటకు సమానార్థకాలుగా తెలుగులో ‘ఉపకార వేతనం’, ‘విశ్రాంతి వేతనం’ అనేవి ప్రచారంలోకి వచ్చాయి. ఈ రెండింటి మధ్య ఉన్న అర్థభేదం గమనించదగినది. మొదటి మాటలో ఇచ్చేవాడి ఔదార్యం కనిపిస్తుంది. రెండవ మాటలో చేసిన సేవకు కొనసాగింపుగా అందే జీతం కనిపిస్తుంది. పింఛను ఉపకారమా, వేతనమా అన్న ఈ ప్రశ్న మీదనే భారతదేశంలో పింఛను చట్టాల చరిత్ర చాలాకాలం నడిచింది.

ఆ ప్రశ్నకు న్యాయస్థానాల్లో సమాధానం దొరికిన తరువాత మరొక ప్రశ్న ముందుకు వచ్చింది. హక్కు ఉన్నదని ఒప్పుకున్నప్పుడు, అది ఎవరికి, ఏనాటి నుంచి వర్తిస్తుంది? పింఛను నియమాల సవరణల్లో శాతాలు, సూత్రాలు, పరిమితులు ఎన్ని మారినా, సామాన్య పింఛనుదారుని జీవితాన్ని ఎక్కువగా ప్రభావితం చేసింది నియమంలో రాసిన ఒక తేదీయే. ఆ తేదీల చరిత్రే ఈ వ్యాసవిషయం.

2. 1871 నాటి చట్టం: రక్షణ, నిరాకరణ

బ్రిటిష్ ప్రభుత్వం 1871లో 23వ చట్టంగా పింఛన్ల చట్టాన్ని చేసింది. ఈ చట్టం ఉద్యోగుల పింఛన్లకే పరిమితం కాలేదు. ప్రభుత్వం ఇచ్చిన ధనరూప గ్రాంట్లు, భూమిశిస్తు గ్రాంట్లు కూడా దీని పరిధిలోకి వచ్చాయి. రాజ్యాలు పోగొట్టుకున్న పాలక కుటుంబాలకు, మాన్యాలు, ఈనాములు అనుభవిస్తున్నవారికి, కొలువు చేసి దిగిన ఉద్యోగికి అందే సొమ్మును పాలకులు ఇంచుమించు ఒకే దృష్టితో చూశారనడానికి ఇది నిదర్శనం.

ఈ చట్టంలోని రెండు సెక్షన్లను పక్కపక్కన ఉంచి చదవాలి. 11వ సెక్షన్ ప్రకారం అప్పులవాడు కోర్టు ద్వారా పింఛను సొమ్మును జప్తు చేయించలేడు. 4వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఇచ్చే పింఛను విషయమై సివిల్ కోర్టులు దావాలు స్వీకరించరాదు. 6వ సెక్షన్ కింద కలెక్టరు లేదా అధికారం పొందిన మరొక అధికారి ధ్రువపత్రం ఇస్తేనే విచారణకు వీలుండేది. వడ్డీ వ్యాపారి నుంచి పింఛనుదారుని కాపాడిన చట్టమే ప్రభుత్వం ఎదుట అతణ్ణి నిస్సహాయుణ్ణి చేసింది. పింఛను అనుగ్రహమన్న భావనకు ఇంతకంటె స్పష్టమైన చట్టరూపం మరొకటి లేదు.

3. రాజ్యాంగం, 1971 తీర్పు

స్వతంత్ర భారత రాజ్యాంగం పింఛనును పలు చోట్ల స్పృశించింది. 366వ అధికరణంలోని 17వ ఉపఖండం ‘పింఛను’కు విస్తృతమైన నిర్వచనం ఇచ్చి, గ్రాట్యుటీని, భవిష్యనిధి చందాల తిరిగి చెల్లింపును కూడా అందులో చేర్చింది. 309వ అధికరణం ఉద్యోగుల సేవానిబంధనలు రూపొందించే అధికారాన్ని చట్టసభలకు ఇస్తూ, అవి చట్టం చేసేవరకు రాష్ట్రపతి, గవర్నర్లు నియమాలు చేయవచ్చని చెప్పింది. ఆదేశిక సూత్రాల్లోని 41వ అధికరణం వృద్ధాప్యం, వ్యాధి, అంగవైకల్యం, నిరుద్యోగం వంటి స్థితుల్లో ప్రభుత్వసహాయం పొందే హక్కును పేర్కొంటూనే, దానిని రాజ్యపు ఆర్థిక సామర్థ్యపు పరిమితులకు లోబరచింది. తరువాతి కాలపు వివాదాలన్నింటికీ బీజాలు ఇక్కడే ఉన్నాయి. నియమాలు మార్చే అధికారం, ఆర్థిక పరిమితి అనే వాదం రెండూ రాజ్యాంగంలోనే కనిపిస్తాయి.

నియమాలు మార్చే అధికారానికి హద్దు విధించిన సందర్భం తెలుగు ప్రాంతాల చరిత్రలో ఒకటి ఉన్నది. 1956లో హైదరాబాదు రాజ్యంలోని తెలంగాణ ప్రాంతం ఆంధ్రతో కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు రెండు వేర్వేరు సేవానిబంధనల కింద పనిచేసిన ఉద్యోగులు ఒకే ప్రభుత్వం కిందికి వచ్చారు. అప్పటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం 115వ సెక్షన్‌లోని 7వ ఉపసెక్షన్, ఇలా బదిలీ అయిన ఉద్యోగుల సేవానిబంధనలను కేంద్రప్రభుత్వ ముందస్తు ఆమోదం లేకుండా వారికి నష్టం కలిగేలా మార్చరాదని నిర్దేశించింది. ఉద్యోగంలో చేరేనాటి నిబంధన ఒక వాగ్దానమన్న భావన ఈ సెక్షన్‌లో ఉన్నది.

పింఛను స్వభావాన్ని సుప్రీంకోర్టు స్పష్టంగా తేల్చింది 1971లో. బీహారు విద్యాశాఖ ఉద్యోగి దేవకీనందన్ ప్రసాద్ దాఖలు చేసిన వ్యాజ్యంలో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, పింఛను ప్రభుత్వం ఇష్టానుసారం ఇచ్చే దానం కాదని, నియమాల వల్ల సంక్రమించే హక్కు అని, అది రాజ్యాంగదృష్టిలో ఆస్తి అని తీర్పు చెప్పింది. 1871 చట్టం సివిల్ దావాను అడ్డగించినా రిట్ అధికారాన్ని అడ్డుకోలేదని కూడా ఈ తీర్పు వల్ల స్థిరపడింది. నూరేళ్ల కిందట మూసిన తలుపు ఈ విధంగా తెరుచుకున్నది. 44వ రాజ్యాంగ సవరణ ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల నుంచి తొలగించిన తరువాత కూడా, 300-ఏ అధికరణం కింద పింఛనుకు ఆస్తిరక్షణ ఉన్నదని 2013లో జార్ఖండ్ రాష్ట్రానికి సంబంధించిన తీర్పు పునరుద్ఘాటించింది.

4. తొలగిన తేదీ: 1979–1982

కేంద్ర ఉద్యోగుల పింఛన్లకు 1972 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర సివిల్ సర్వీసుల (పింఛను) నియమాలు ఆధారం. 1979 మే 25న కేంద్రప్రభుత్వం ఒక మెమోరాండం ద్వారా పింఛను లెక్కింపు విధానాన్ని సరళీకరించింది. సగటు వేతనంలో మొదటి రూ. 1,000కి 50 శాతం, తరువాతి రూ. 500కి 45 శాతం, మిగిలినదానికి 40 శాతం చొప్పున పింఛను లెక్కించాలన్నది కొత్త పద్ధతి. అయితే 1979 మార్చి 31న సర్వీసులో ఉండి, ఆనాడు లేదా ఆ తరువాత పదవీ విరమణ చేసేవారికి మాత్రమే ఇది వర్తిస్తుందని మెమోరాండం పరిమితి విధించింది. సైనికులకు కూడా ఇదే తరహా ఉత్తర్వు వెలువడింది.

ఒకే హోదాలో, ఒకే కాలం పనిచేసిన ఇద్దరిలో ఒకరు మార్చి 30న, మరొకరు మార్చి 31న విరమిస్తే, మొదటివారికి జీవితాంతం తక్కువ పింఛను వస్తుంది. ధరలు మాత్రం ఇద్దరికీ ఒకే విధంగా పెరుగుతాయి. ఈ వివక్షను ప్రశ్నిస్తూ పౌరసేవ నుంచి విరమించిన డి.ఎస్. నకారా, సైనికసేవ నుంచి విరమించిన మరొకరు, ‘కామన్ కాజ్’ అనే సంస్థ కలిసి సుప్రీంకోర్టును ఆశ్రయించారు.

1982 డిసెంబర్ 17న ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ నాయకత్వంలోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు వెలువరించింది. అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఈ ధర్మాసనంలో సభ్యులు. తీర్పు రాసినవారు జస్టిస్ డి.ఎ. దేశాయి. పింఛను యజమాని దయ మీద ఆధారపడిన కానుక కాదని, గతంలో చేసిన సేవకు చెల్లింపు అని, సామాజిక ఆర్థిక న్యాయం సాధించే సంక్షేమ చర్య అని తీర్పు నిర్ధారించింది. పింఛనుదారులందరూ ఒకే వర్గమని, విరమణ తేదీ ఆధారంగా వారిని రెండుగా చీల్చడం 14వ అధికరణానికి విరుద్ధమని పేర్కొన్నది.

ఈ తీర్పు అమలైన పద్ధతి ప్రత్యేకంగా గుర్తించదగినది. న్యాయస్థానం మెమోరాండాన్ని కొట్టివేయలేదు. అలా చేసి ఉంటే కొత్తగా విరమించినవారు కూడా నష్టపోయేవారు. వాక్యంలో తేదీకి సంబంధించిన పదాలను మాత్రమే వేరుచేసి తొలగించింది. మిగిలిన వాక్యం అందరికీ వర్తించింది. అదే సమయంలో, నిర్దేశిత తేదీకి ముందుకాలానికి బకాయిలు చెల్లించనవసరం లేదని చెప్పి ఖజానా మీద భారాన్ని పరిమితం చేసింది. డిసెంబర్ 17ను పింఛనుదారుల సంఘాలు నేటికీ పింఛనుదారుల దినంగా పాటిస్తున్నాయి.

నకారా తీర్పు ప్రభావం కుటుంబ పింఛను మీద కూడా కనిపించింది. ఉద్యోగి మరణానంతరం భార్యకు, పిల్లలకు ఆధారమయ్యే కేంద్ర కుటుంబ పింఛను పథకం 1964 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. పథకానికి ముందే భర్త విరమించిన లేదా మరణించిన కారణంగా, లేదా అతడు ఆ పథకాన్ని ఎంచుకోని కారణంగా అనేకమంది వితంతువులు దీనికి దూరమయ్యారు. వారి పక్షాన వచ్చిన పూనమల్ వ్యాజ్యంలో 1985లో సుప్రీంకోర్టు వారికీ ఆ ప్రయోజనం దక్కేలా చేసింది. ఎంపిక చేసుకున్నది లేదా చేసుకోనిది భర్త. ఫలితం అనుభవించినది భార్య.

5. గీత మళ్లీ బలపడిన కాలం

నకారా తీర్పు పరిధిని తరువాతి తీర్పులు క్రమంగా కుదించాయి. భవిష్యనిధి పద్ధతిని ఎంచుకున్న రైల్వే ఉద్యోగులు తమకూ పింఛను ఇవ్వాలని కోరిన కృష్ణేన కుమార్ వ్యాజ్యంలో 1990లో సుప్రీంకోర్టు ఆ కోరికను నిరాకరించింది. భవిష్యనిధిదారులు, పింఛనుదారులు వేర్వేరు వర్గాలని, నకారా తీర్పు ఒకే వర్గంలోని విభజనకు సంబంధించినదని వివరించింది. 2005లో పంజాబు రాష్ట్రానికి సంబంధించిన అమర్‌నాథ్ గోయల్ వ్యాజ్యంలో ఆర్థిక భారం కటాఫ్ తేదీ నిర్ణయానికి సమంజసమైన కారణమేనని అంగీకరించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కక్షిదారుగా ఉన్న 2008 నాటి తీర్పు కూడా, తేదీ నిర్ణయం పూర్తిగా నిర్హేతుకంగా, వివక్షతో కూడి ఉంటే తప్ప కోర్టులు జోక్యం చేసుకోరాదన్న వైఖరినే తీసుకున్నది. 41వ అధికరణంలోని ‘ఆర్థిక సామర్థ్యం’ అన్న మాట, ఆ అధికరణం పేరెత్తకుండానే, ఈ తీర్పులలో తిరిగి వినిపిస్తుంది.

6. చేరిన తేదీ: 2003–2004

కేంద్రప్రభుత్వం 2003 డిసెంబర్ 22 నాటి నోటిఫికేషన్ ద్వారా జాతీయ పింఛను పథకాన్ని ప్రకటించింది. సైనిక బలగాలను మినహాయించి 2004 జనవరి 1 నుంచి ఉద్యోగంలో చేరేవారందరికీ ఇది వర్తించింది. ఉద్యోగి మూలవేతనం, కరువుభత్యంలో 10 శాతం చందాగా చెల్లిస్తే ప్రభుత్వం అంతే మొత్తం జమచేస్తుంది. కేంద్రంలో ప్రభుత్వ వాటా 2019 ఏప్రిల్ 1 నుంచి 14 శాతానికి పెరిగింది. పాత విధానంలో పింఛను మొత్తం చివరి వేతనం మీద ఆధారపడి ముందే నిర్ణయమై ఉంటుంది. కొత్త విధానంలో నిర్ణయమైనది చందా మాత్రమే. చివరకు చేతికందేది మార్కెట్ రాబడి మీద, యాన్యుటీ రేటు మీద ఆధారపడుతుంది.

ఇంత పెద్ద మార్పును 1972 నియమాల్లో చేర్చిన తీరు ఎంతో సంక్షిప్తమైనది. నియమాల వర్తింపును తెలిపే 2వ నియమాన్ని సవరించి, 2003 డిసెంబర్ 31న గాని అంతకుముందు గాని నియమితులైనవారికే ఇవి వర్తిస్తాయని చేర్చారు. 1982లో న్యాయస్థానం ఒక వాక్యం నుంచి తేదీని తొలగించి పింఛనుదారులను ఏకం చేసింది. 2003లో కార్యనిర్వాహక వ్యవస్థ మరొక వాక్యంలో తేదీని చేర్చి ఉద్యోగులను విభజించింది. మొదటి తేదీ విరమణకు సంబంధించినది, రెండవది నియామకానికి సంబంధించినది. నకారా వాదానికి రెండవ తేదీ చిక్కకపోవడానికి కారణం ఇదే. అప్పటికి ఉద్యోగంలో లేని వ్యక్తికి ఆ నియమాల మీద హక్కు ఏర్పడలేదన్నది ప్రభుత్వాల సమర్థన.

ఆంధ్రప్రదేశ్‌లో 1980 సవరించిన పింఛను నియమాలు అప్పటికి అమలులో ఉన్నాయి. 2004 సెప్టెంబర్ 22 నాటి ఉత్తర్వుల ద్వారా రాష్ట్రప్రభుత్వం కాంట్రిబ్యూటరీ పింఛను పథకాన్ని ప్రవేశపెట్టింది. అది 2004 సెప్టెంబర్ 1 నుంచి నియమితులైనవారికి వర్తించింది. ఉత్తర్వు తేదీ కంటె అమలు తేదీ మూడు వారాలు ముందున్నది. ‘సీపీఎస్’ అన్న మూడక్షరాలు ఆనాటి నుంచి తెలుగు ఉద్యోగ, ఉపాధ్యాయ సంఘాల పరిభాషలో స్థిరపడ్డాయి. 2014లో రాష్ట్రం విడిపోయినా, రెండు రాష్ట్రాల్లోనూ ఈ విభజన కొనసాగింది.

ఈ గీత మీద నిలిచినవారి స్థితి మరింత సంక్లిష్టమైనది. 2003లో డీఎస్సీ ప్రకటన వెలువడగా, ఎంపిక ప్రక్రియ ఆలస్యమై 2004 సెప్టెంబర్ తరువాత నియామకపత్రాలు అందుకున్న ఉపాధ్యాయులు కొత్త పథకంలోకి వచ్చారు. ఆలస్యానికి వారు కారకులు కారు. కేంద్రం 2023 మార్చి 3 నాటి మెమోరాండం ద్వారా, 2003 డిసెంబర్ 22కు ముందు ప్రకటించిన పోస్టుల్లో చేరినవారికి పాత పింఛనును ఎంచుకునే అవకాశం ఒకసారి కల్పించింది. నియామక తేదీకి బదులు ప్రకటన తేదీని ప్రమాణంగా తీసుకోవడం న్యాయమేనని ఆ మెమోరాండం అంగీకరించినట్లయింది. దీనినే ఆధారంగా చూపుతూ డీఎస్సీ-2003 ఉపాధ్యాయులు తమ కోరికను వినిపిస్తూ వచ్చారు.

తరువాతి చర్యలు పాత, కొత్త విధానాల మధ్య దారి వెదికాయి. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన హామీ పింఛను వ్యవస్థ చట్టం చివరి మూలవేతనంలో 50 శాతం పింఛనుకు పూచీ ఇచ్చింది. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి అమలుచేసిన ఏకీకృత పింఛను పథకం, 25 ఏళ్ల సర్వీసు ఉన్నవారికి చివరి 12 నెలల సగటు మూలవేతనంలో 50 శాతాన్ని, కనీసం 10 ఏళ్లు పనిచేసినవారికి నెలకు రూ. 10,000ను హామీగా నిర్ణయించింది. అయితే ఈ రెండింటిలోనూ ఉద్యోగి చందా కొనసాగుతుంది.

7. ప్రభుత్వోద్యోగం వెలుపల

కర్మాగారాల్లో, ప్రైవేటు సంస్థల్లో పనిచేసేవారికి 1952 నాటి ఉద్యోగుల భవిష్యనిధి చట్టం ఆధారం. దాని కింద 1971లో కుటుంబ పింఛను పథకం, 1995 నవంబర్ 16 నుంచి ఉద్యోగుల పింఛను పథకం వచ్చాయి. యజమాని చెల్లించే చందాలో వేతనం మీద 8.33 శాతం పింఛను నిధికి చేరుతుంది. వేతనపరిమితి 2001లో రూ. 6,500కు, 2014 సెప్టెంబర్ 1 నుంచి రూ. 15,000కు పెరిగింది. అదే 2014 సవరణ పింఛను లెక్కించే సగటు వేతనకాలాన్ని 12 నెలల నుంచి 60 నెలలకు మార్చింది. వేతనం ఏటేటా పెరిగే ఉద్యోగికి అయిదేళ్ల సగటు చివరి ఏడాది సగటు కంటె తక్కువగా ఉంటుంది కనుక ఈ మార్పు పింఛనును తగ్గించింది. నెలకు రూ. 1,000 కనీస పింఛను కూడా అప్పుడే అమలులోకి వచ్చింది.

ఇక్కడ కూడా తేదీయే వివాదకేంద్రమయింది. పరిమితికి మించిన వాస్తవ వేతనం మీద చందా చెల్లించే అవకాశం పథకంలోని ఒక మినహాయింపులో ఉండేది. అందులో పేర్కొన్న తేదీని అధికారులు గడువుగా వ్యాఖ్యానించి దరఖాస్తులు తిరస్కరించగా, అది కటాఫ్ తేదీ కాదని 2016లో ఆర్.సి. గుప్తా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే 2014 సవరణ ఆ మినహాయింపునే తొలగించి ఉన్నది. 2022 నవంబర్ 4 నాటి తీర్పు ఆ సవరణను ప్రధానంగా సమర్థిస్తూ, అర్హులైనవారికి నాలుగు నెలల అవకాశం ఇచ్చింది. 2014 సెప్టెంబర్ 1కి ముందే ఎంపిక తెలుపకుండా విరమించినవారు మాత్రం గీతకు అవతలనే ఉండిపోయారు.

జీతపు చీటీ ఎన్నడూ ఎరుగని వ్యవసాయకూలీలు, చేతివృత్తులవారు ఈ చట్టాలన్నింటికీ వెలుపల ఉన్నారు. వారికోసం 1995 ఆగస్టు 15న ప్రారంభమైన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం 65 ఏళ్లు దాటిన నిరుపేదలకు నెలకు రూ. 75 కేంద్రసహాయంగా నిర్ణయించింది. ఇది తరువాత రూ. 200 అయింది. అర్హత వయసు 2011లో 60కి తగ్గింది. తెలుగు రాష్ట్రాలు తమ వాటాతో ఈ మొత్తాన్ని ఎంతగానో పెంచాయి. తెలంగాణలో 2014లో ఆసరా పథకం కింద వృద్ధాప్య పింఛను రూ. 1,000 కాగా, 2019లో రూ. 2,016కు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో రూ. 1,000 ఉన్నది 2024 జూలై నాటికి రూ. 4,000 అయింది.

మొత్తాలు పెరిగినా ఈ పథకాల పేర్లు ఆలోచింపజేస్తాయి. ‘ఆసరా’, ‘భరోసా’, ‘కానుక’, ‘చేయూత’ అన్న మాటలు ఆత్మీయమైనవే. కాని వాటిలో ఏదీ హక్కును సూచించదు. ప్రభుత్వోద్యోగి పింఛను కానుక కాదని 1982లో నిర్ధారణ అయిన దేశంలో, కూలిపని చేసి అలసిన వృద్ధుని పింఛనుకు ‘కానుక’ అన్న పేరే పెట్టిన సందర్భం ఉన్నది. ప్రభుత్వం మారితే పథకం పేరు మారుతుంది. అర్హతలను, మొత్తాన్ని ప్రభుత్వ ఉత్తర్వుతో మార్చవచ్చు. 1871 నాటి అనుగ్రహభావన ఉద్యోగుల విషయంలో తొలగినా పేదల విషయంలో భాషలో నిలిచి ఉన్నది.

8. వెనుకకు నడిచిన తేదీ: 2025

1972 నియమాల స్థానంలో 2021 డిసెంబర్‌లో కొత్త పింఛను నియమాలు వచ్చాయి. 2025 మార్చిలో పార్లమెంటు ఆమోదించిన ఆర్థిక చట్టంలో పింఛను నియమాలను ధ్రువీకరించే ప్రత్యేకభాగం చేరింది. పింఛనుదారులను వర్గీకరించే, వారిలో భేదం పాటించే అధికారం కేంద్రప్రభుత్వానికి ఉన్నదని, ఎల్లప్పుడూ ఉన్నట్లే భావించాలని, విరమణ తేదీని పింఛను అర్హతకు ఆధారంగా తీసుకోవచ్చని ఆ భాగం చెబుతుంది. దీనిని 1972 జూన్ 1 నుంచి వర్తింపజేశారు. ఈ మార్పు వల్ల ప్రస్తుత పింఛన్లకు ఎలాంటి భంగమూ కలగదని ఆర్థికమంత్రి పార్లమెంటులో ప్రకటించారు. పింఛనుదారుల సంఘాలు మాత్రం దీనిని నకారా సూత్రానికి ఎదురుగా నిలిచిన చట్టంగా చూశాయి.

చారిత్రకంగా ఈ సవరణ ముందటివాటి కంటె భిన్నమైనది. 1979 నాటి తేదీ ఒక మెమోరాండంలోనిది. 2003 నాటి తేదీ నియమంలోనిది. 2025లో తేదీ ఆధారంగా విభజించే అధికారమే చట్టంలోకి ఎక్కింది. అది కూడా నకారా తీర్పు కంటె పదేళ్లు ముందుకాలం నుంచి అమలులో ఉన్నట్లుగా ఎక్కింది. ఇటువంటి చట్టాన్ని 14వ అధికరణం దృష్ట్యా పరీక్షించే అధికారం మాత్రం న్యాయస్థానాలకు యథాతథంగా ఉన్నది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. 1871 నుంచి 1971 వరకు పింఛను అనుగ్రహమా, హక్కా అన్నది ప్రధాన ప్రశ్న. 1971, 1982 తీర్పులు ప్రభుత్వోద్యోగి విషయంలో దానిని హక్కుగా స్థిరపరచాయి.

2. ఆ తరువాత సవరణలు హక్కును నేరుగా కాదనలేదు. అది వర్తించే తేదీని నిర్ణయించడం ద్వారా దాని పరిధిని మార్చాయి.

3. కటాఫ్ తేదీకి ఆర్థిక భారం సమంజసమైన కారణమని న్యాయస్థానాలు అంగీకరించాయి. అయితే ఆలస్యానికి కారకులు కానివారు కూడా తేదీ వల్ల నష్టపోతున్నారని డీఎస్సీ-2003 ఉదంతం చూపుతుంది. ప్రకటన తేదీని ప్రమాణంగా స్వీకరించిన 2023 నాటి కేంద్ర మెమోరాండం ఇందుకు ఒక పరిష్కారమార్గం.

4. అసంఘటిత రంగంలోని వృద్ధులకు పింఛను నేటికీ పథకంగానే ఉన్నది. పథకాల తెలుగు పేర్లు ఈ స్థితిని ప్రతిబింబిస్తున్నాయి.

ఉద్యోగి ఏ రోజున పుడతాడో, ఏ రోజున నియామకపత్రం అందుకుంటాడో, ఏ రోజున విరమిస్తాడో అతని చేతిలో లేదు. ఆ రోజుల ఆధారంగా అతని వృద్ధాప్యాన్ని నిర్ణయించే నియమాన్ని రాసేటప్పుడు, ఆ తేదీనే ఎందుకు ఎంచుకున్నారో చెప్పవలసిన బాధ్యత రాసేవారిదే. 1982లో సుప్రీంకోర్టు అడిగినది ఆ కారణాన్నే. ఇకముందు వచ్చే ప్రతి సవరణనూ పరిశోధకులు అదే ప్రశ్నతో చదవవలసి ఉన్నది.